పిడికిలి, కలము: బ్రూస్ లీ జీవితము

ఖడ్గమును, గంటమును ఒక్క చేతనే ధరింపగలవారు లోకమున అరుదు. శ్రీకృష్ణదేవరాయలను సాహితీసమరాంగణ సార్వభౌముడని మన పెద్దలు కీర్తించుటలో ఆ అరుదైన కలయికపట్ల వారికి గల గౌరవమే వ్యక్తమగుచున్నది. సామాన్యముగా సాముగరిడీలవాడు పుస్తకము జోలికి పోడు. పుస్తకము పట్టినవాడు తాలింఖానా గడప త్రొక్కడు. ఈ రెండును వేర్వేరు త్రోవలన్న భావము బడిలోనే బాలుర మనస్సులలో నాటుకొనిపోవును. ఇరువదవ శతాబ్దమున ఆ భావమునకు గట్టి ప్రత్యుత్తరముగా నిలిచినది బ్రూస్ లీ జీవితము. వెండితెరపై అతని పిడికిలిని చూచినవారు కోట్లకొలది కలరు. అతని కలమును ఎరిగినవారు కొలదిమందియే. ముప్పదిరెండేండ్లకే ముగిసిన ఆయుర్దాయమున అతడు ఎన్నియో వ్రాతపుస్తకములను నింపెను. వ్యాసములు, కవితలు, లేఖలు, చిత్రకథలు వ్రాసెను. వానిని విడిచి అతని చిత్రములను మాత్రమే చూచినవారు అతనిని సగమే చూచినవారగుదురు.

రంగస్థలపు బిడ్డ

బ్రూస్ లీ 1940 నవంబరు 27న అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, చీనావాడలోని ఆసుపత్రిలో జన్మించెను. తండ్రి లీ హోయ్ చుయెన్ కాంటనీసు సంగీతనాటకములలో పేరొందిన హాస్యనటుడు. నాటక సమాజముతో కలిసి అమెరికాలో ప్రదర్శనలిచ్చుచుండగా ఈ బిడ్డ కలిగెను. తల్లి గ్రేస్ హో వంశమున చీనా రక్తముతో పాటు ఐరోపా రక్తము కూడ కలదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు లీ జున్‌ఫాన్. బ్రూస్ అనునది ఆసుపత్రిలో వచ్చిన ఆంగ్లనామము. నెలల పసివాడుగా ఉండగనే ఒక చీనా చిత్రమున తెరపై కనిపించెను. 1941లో కుటుంబము హాంకాంగునకు తిరిగిపోయెను. ఆ సంవత్సరాంతముననే జపాను సేనలు ఆ ద్వీపమును ఆక్రమించెను. 1945 వరకు సాగిన ఆ పరపాలనలో అతని శైశవము గడచెను.

తండ్రి నటుడగుటచే కుమారునకు చిత్రసీమ తలుపులు సులభముగనే తెరచుకొనెను. పదునెనిమిదేండ్లు నిండునాటికి అతడు సుమారు 20 చిత్రములలో నటించెను. 1950లో వచ్చిన 'ది కిడ్' అను చిత్రమున అనాథబాలుని పాత్ర ధరించి ప్రేక్షకుల మెప్పు పొందెను. చిన్న డ్రాగన్ అను అర్థము గల లీ సియు లుంగ్ అను తెరపేరు అప్పటినుండియే అతనికి స్థిరపడెను. కావున 1971లో లోకము అతనిని క్రొత్త నటుడని భావించినను, అప్పటికే అతనికి కెమెరాతో మూడు దశాబ్దముల పరిచయము కలదు.

చదువు మాత్రము సాఫీగా సాగలేదు. ఒక పాఠశాల విడిచి మరియొక పాఠశాలలో చేరవలసి వచ్చెను. హాంకాంగు వీథులలో, మేడకప్పులపై బాలుర ముఠాలు కొట్లాడుకొనుచుండెడి కాలమది. ఆ కొట్లాటలలో ఇతడు వెనుకంజ వేసెడివాడు కాడు. ఆత్మరక్షణకై ఇప్ మాన్ అను గురువు కడ చేరి వింగ్ చున్ అను కుంగ్‌ఫూ సంప్రదాయమును అభ్యసించెను. 1958లో పాఠశాలల మధ్య జరిగిన బాక్సింగు పోటీలో విజేతయయ్యెను. ఆ సంవత్సరముననే చా చా నృత్యములోను బహుమతి గెలిచెను. ఒకే కాలమున పిడికిలిని, పాదముల లయను సాధించిన ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. తరువాతి కాలమున అతని పోరాట దృశ్యములలో కానవచ్చిన తూగు, విరుపు ఆకస్మికముగా వచ్చినవి కావు.

నీటినుండి నేర్చిన పాఠము

కొట్లాటలు శ్రుతిమించి పోలీసుల దృష్టికి వచ్చుటచే తల్లిదండ్రులు భయపడిరి. అమెరికాలో పుట్టినవాడగుటచే అతనికి ఆ దేశపు పౌరసత్వముండెను. 1959లో నూరు డాలర్లు చేతికిచ్చి ఓడ నెక్కించిరి. సాన్‌ఫ్రాన్సిస్కోలో కొలది కాలముండి సియాటిల్ నగరమునకు చేరెను. అచట కుటుంబమునకు పరిచితులైన వారి భోజనశాలలో వడ్డనపని చేయుచు, ఆ భవనముననే ఒక చిన్న గదిలో తలదాచుకొనుచు, ఆగిపోయిన పాఠశాల చదువును పూర్తిచేసెను. హాంకాంగులో పేరున్న బాలనటుడు, పేరున్న నటుని కుమారుడు, ఇచట ఇతరుల ఎంగిలి పళ్ళెములు తీయవలసివచ్చెను. ఆ అభిమానభంగమును అతడు చదువులోనికి, సాధనలోనికి మరల్చెను.

1961లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి నాటకకళను ప్రధాన విషయముగా గైకొనెను. తత్త్వశాస్త్రమునందును మనస్తత్త్వశాస్త్రమునందును మిక్కిలి ఆసక్తి చూపెను. అతని రచన ఆరంభమైనది ఇచటనే. ఆ దినములలో వ్రాసిన ఒక వ్యాసమున అతడు తన కిశోరప్రాయపు అనుభవమును వర్ణించెను. ఎంత సాధన చేసినను మనస్సు సడలక, ప్రత్యర్థి ఎదుట బిగుసుకొనిపోవుచుండగా, గురువు అతనిని వారము దినములు అభ్యాసము మాని ఇంట నుండుమని ఆదేశించెను. ఏమియు తోచక అతడు ఒంటరిగా పడవ నెక్కి సముద్రముపై పోయెను. తనపై తనకే కలిగిన కోపముతో నీటిని పిడికిట కొట్టెను. నీరు గాయపడలేదు. పట్టుకొనబోగా వ్రేళ్ళ సందులనుండి జారిపోయెను. ఇంత మెత్తని పదార్థము ఏ పాత్రలో పోసిన ఆ రూపమునే దాల్చుచు, కాలక్రమమున కఠినశిలనైనను అరగదీయగలదన్న ఎరుక ఆ క్షణమున కలిగెనని అతడు వ్రాసెను. ప్రాచీన చీనా తాత్త్వికుడగు లావోట్సే బోధలలోని నీటి ఉపమానము ఇట్లు ఒక కుఱ్ఱవాని పిడికిటిలో అనుభవమయ్యెను. పుస్తకమున చదివినది శరీరమునకు తెలిసివచ్చుట, శరీరమునకు తెలిసినది మరల వ్రాతలోనికి దిగుట: అతని జీవితమంతయు ఈ రాకపోకలే.

ఈ కాలముననే అతడు వాషింగ్టన్ సరస్సు పరిసరములను గూర్చియు, ప్రేమను గూర్చియు, ఒంటరితనమును గూర్చియు ఆంగ్లమున కవితలు వ్రాసెను. వానిలో వీరావేశము కానరాదు. ప్రవాసియగు యువకుని మెత్తని విషాదమే కానవచ్చును. 1962లో హాంకాంగులోని ఒక కుటుంబమిత్రురాలికి వ్రాసిన దీర్ఘలేఖలో, కుంగ్‌ఫూ విద్యను అమెరికా అంతటను వ్యాపింపజేయవలెనన్న తన సంకల్పమును వివరించెను. చెరువులో పడిన చిన్నరాయి పుట్టించు అలలవలె తన ఆలోచన కూడ విస్తరింపగలదని అందు ఆశించెను. అప్పటికి అతని వయస్సు ఇరువదిరెండేండ్లయినను నిండలేదు, ఆస్తి శూన్యము.

1963లో చీనీయుల కుంగ్‌ఫూను గూర్చి అతడు వ్రాసిన చిన్న పుస్తకము వెలువడెను. అందులోని రేఖాచిత్రములను కూడ అతడే గీచెను. అతని జీవితకాలమున అతని పేర అచ్చైన గ్రంథము ఇది యొక్కటియే.

కులభేదము లేని శిష్యబృందము

సియాటిల్‌లో అతని మొదటి శిష్యులు వాహనములు నిలుపు ఖాళీస్థలములలో సాధన చేసిరి. ఆ శిష్యులలో నీగ్రో జాతివారు, శ్వేతజాతివారు, చీనీయులు, జపాను సంతతివారు కలసియుండిరి. తొలి శిష్యుడు జెస్సీ గ్లోవర్ నల్లజాతివాడు. చిరకాల మిత్రుడు టాకీ కిమురా జపాను సంతతివాడగుటచే రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వపు నిర్బంధశిబిరములలో గడపినవాడు. జపాను ఆక్రమణలో పెరిగిన చీనా బాలుడు అట్టివానిని తన కుడిభుజముగా చేసికొనెను. చీనా యుద్ధవిద్యను ఇతర జాతులకు నేర్పరాదను కట్టుబాటును పాటించు పెద్దలు అప్పటికి పలువురుండిరి. ఆ కట్టుబాటును అతడు లెక్కచేయలేదు.

1964 ఆగస్టు 17న విశ్వవిద్యాలయమున తన సహాధ్యాయినియు, శిష్యురాలునగు లిండా ఎమెరీని వివాహమాడెను. ఆమె శ్వేతజాతి స్త్రీ. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో అట్టి వివాహములు చట్టవిరుద్ధములుగా ఉన్న కాలమది. 1967లో గాని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టములను కొట్టివేయలేదు. పట్టము పొందకయే చదువు విడిచి లీ కాలిఫోర్నియాలోని ఓక్లండు చేరి, అచట పాఠశాల నెలకొల్పెను.

ఆ సంవత్సరాంతమున వాంగ్ జాక్ మాన్ అను కుంగ్‌ఫూ ప్రవీణునితో అతనికి ద్వంద్వము జరిగెను. దాని కారణమును గూర్చియు, ఫలితమును గూర్చియు ఇరుపక్షములవారును భిన్నముగా చెప్పిరి. లీ మాత్రము తానే గెలిచితినని చెప్పికొనెను. అయినను ఆ గెలుపు అతనికి తృప్తి నీయలేదు. ప్రత్యర్థి పరుగెత్తుచుండగా వెంటాడి అలసిపోయితినని, తాను నేర్చిన సంప్రదాయము అచట చాలలేదని అతడు గ్రహించెను. గెలిచిననాడే తన లోపమును లెక్కవేసికొనుట సామాన్యులకు సాధ్యము కాదు. నాటినుండి బాక్సింగును, ఖడ్గవిద్యను, కుస్తీని, శరీరవ్యాయామ శాస్త్రమును గూర్చిన గ్రంథములను సేకరించి పఠింప నారంభించెను. కాలక్రమమున అతని గ్రంథాలయము రెండువేల సంపుటములకు మించెను.

ముసుగులోని సేవకుడు

1964లో లాంగ్ బీచ్ నగరమున జరిగిన కరాటే పోటీలలో లీ తన విద్యను ప్రదర్శించెను. ఆ ప్రదర్శనను చూచినవారి ద్వారా అతని పేరు దూరదర్శన నిర్మాతయగు విలియం డోజియర్‌కు చేరెను. 1965 ఫిబ్రవరి నెల లీ జీవితమున మరపురానిది. 1వ తేదీన కుమారుడు బ్రాండన్ జన్మించెను. కొలది దినములకే హాంకాంగులో తండ్రి మరణించెను. 1966 సెప్టెంబరునుండి మరుసటి వసంతకాలము వరకు 'ది గ్రీన్ హార్నెట్' అను ధారావాహికము 26 భాగములుగా ప్రసారమయ్యెను. అందు కథానాయకుని వాహనచోదకుడును సేవకుడునగు కేటో పాత్రను లీ ధరించెను. ముఖమునకు ముసుగు, సంభాషణలు స్వల్పము. కేటో కేవలము ఇంటిసేవకుడుగా గాక కార్యభాగస్వామిగా ఉండవలెనని, అతనికి మాటలు పెంచవలెనని కోరుచు లీ నిర్మాతకు లేఖ వ్రాసెను. ఆ కోరిక వెనుక స్వార్థమే కాదు, ఒక జాతి అభిమానము కూడ కలదు.

అమెరికాలో చీనీయుల వలసను నిషేధించిన 1882 నాటి చట్టము 1943 వరకు అమలులో ఉండెను. ఆ చట్టము పోయినను దాని నీడ చిత్రసీమను విడువలేదు. తెరపై చీనీయుడు కుటిలుడుగనో, వంటవాడుగనో, నవ్వులపాలగు మూర్ఖుడుగనో కనిపించెడివాడు. గౌరవమైన పాత్ర వచ్చినచో శ్వేతజాతి నటుడే ముఖమునకు రంగు పూసికొని నటించెడివాడు. ఈ గోడను బ్రద్దలు కొట్టుటయే లీకి ద్వంద్వములలోకెల్ల పెద్ద ద్వంద్వమయ్యెను.

ధారావాహికము ఆగిపోగానే అవకాశములు సన్నగిల్లెను. చిన్న చిన్న పాత్రలు ధరించుచు, నటులకు పోరాటవిద్య నేర్పుచు లీ కాలక్షేపము చేసెను. నటులు స్టీవ్ మెక్వీన్, జేమ్స్ కోబర్న్, రచయిత స్టెర్లింగ్ సిలిఫాంట్, బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కరీం అబ్దుల్ జబ్బార్ అతని శిష్యులు. 1967లో తన పద్ధతికి జీత్ కున్ డో అని పేరిడెను. దెబ్బను అడ్డగించు పిడికిలి యొక్క మార్గమని దాని అర్థము. ప్రత్యర్థి దెబ్బ పూర్తికాకమునుపే, అది బయలుదేరుచున్న క్షణముననే ఎదుర్కొనవలెనను ఈ సూత్రమునకు మూలము ఐరోపా ఖడ్గవిద్యలో కలదు. ఏ దేశపు విద్యయైనను పనికివచ్చినది గ్రహించుట, పనికిరానిది విడుచుట, తనదైనది చేర్చుట అతని రీతి.

1969 జనవరిలో ఒక కాగితముపై తన జీవితలక్ష్యమును స్వహస్తముతో వ్రాసి సంతకము చేసెను. అమెరికాలో అత్యధిక పారితోషికము పొందు తొలి ప్రాచ్యనటుడు కావలెనని, 1970నుండి లోకప్రసిద్ధి గడింపవలెనని, 1980 నాటికి కోటి డాలర్లు ఆర్జించి అటుపై ప్రశాంతముగా జీవింపవలెనని దాని సారాంశము. ప్రసిద్ధి సమయమునకే వచ్చెను. ప్రశాంతత అతనికి దక్కలేదు.

పడకపై పుట్టిన గ్రంథము

1970 ఆగస్టులో బరువులెత్తు సాధన చేయుచుండగా నడుమునకు తీవ్రమైన గాయమయ్యెను. వెన్నుక్రింది భాగమున నరము దెబ్బతినెననియు, ఇక మునుపటివలె కాలు విసరుట అసాధ్యమనియు వైద్యులు తేల్చిరి. శరీరమే జీవనాధారమైనవానికి ఇంతకు మించిన శిక్ష లేదు. ఇంట ఇద్దరు పసిబిడ్డలు. చేతిలో ధనము లేదు. కుటుంబపోషణకై భార్య ఉద్యోగమునకు పోవలసివచ్చెను. అభిమానధనుడగు లీకి అది మరియొక గాయము.

నెలలతరబడి పడకపై ఉండవలసివచ్చిన ఆ కాలమున అతడు చేయగలిగినవి రెండే పనులు: చదువుట, వ్రాయుట. బొమ్మలతో, పటములతో, సూత్రములతో అనేక వ్రాతపుస్తకములు నిండెను. కదలలేనివాడు కదలికను గూర్చి వ్రాసెను. అడుగు వేయు తీరు, దూరమును కొలుచు తీరు, దెబ్బలోని సమయజ్ఞానము, మనస్సును నిశ్చలముగా ఉంచుకొను తీరు, ఇవి యన్నియు అందు కలవు. ముందుకు నడువుమను భావము గల రెండు మాటలను ఒక చీటీ వెనుక వ్రాసి కనులయెదుట నిలుపుకొనెను. క్రమముగా లేచెను, నడిచెను, మరల కాలు విసరెను. నడుము నొప్పి మాత్రము తుదివరకు అతనిని విడువలేదు. తరువాతి మూడేండ్లలో తెరపై చూపిన ఆ వేగమంతయు నొప్పిని దిగమ్రింగి చూపినదే.

ఆ పడకపై అతడు శ్రద్ధతో చదివినవారిలో ఒక తెలుగు బిడ్డ కూడ కలడన్న సంగతి మన పాఠకులకు సంతోషము కలిగింపగలదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి రచనలను లీ పెన్సిలుతో గీతలు గీచుచు పఠించెను. సత్యమునకు బాట లేదని, ఏ సంస్థయు మనుష్యుని సత్యమునకు చేర్పజాలదని తెలిపి, తన కొఱకై స్థాపింపబడిన తారకాసంఘమును 1929లో రద్దుచేసినవాడు కృష్ణమూర్తి. లీ ఆ ఆలోచనను పోరాటవిద్యకు అన్వయించెను. ఒక శైలికి బద్ధుడైనవాడు ఎదుటనున్న ప్రత్యర్థిని చూడడు, తన శైలినే చూచుకొనునని అతని వాదము. అతడు కూడ 1970లో తన పాఠశాలలను మూసివేసెను. తన పద్ధతియే మరియొక సంప్రదాయముగా గడ్డకట్టునని అతని భయము. 1971 సెప్టెంబరులో 'బ్లాక్ బెల్ట్' పత్రికలో అచ్చైన వ్యాసమున ఈ వాదమునే విస్తరించెను. ఈ కారణము చేతనే తన వ్రాతపుస్తకములను గ్రంథముగా ప్రకటించుటకు జంకెను. అచ్చైన మాటను జనులు వేదవాక్కుగా పట్టుకొందురేమో యని అతని శంక.

సిలిఫాంట్, కోబర్నులతో కలిసి లీ 'ది సైలెంట్ ఫ్లూట్' అను చిత్రకథను కూడ కల్పించెను. యుద్ధవిద్యను సాధించు ఒక యువకుడు పరీక్షలు దాటి తన్ను తాను తెలిసికొనుట అందలి కథ. చిత్రసంస్థకు ఇండియాలో వసూలై, వెలుపలికి తీసికొనిపోవుటకు వీలులేక నిలిచిపోయిన రూపాయలు ఉండెను. వానితో ఇచటనే చిత్రీకరింపవలెనన్న ఉద్దేశముతో ముగ్గురును 1971 ఆరంభమున మన దేశమునకు వచ్చి స్థలములు వెదకిరి. స్థలములు కోబర్నునకు నచ్చలేదు, ప్రయత్నము విరమింపబడెను. ఆ కథ 1978లో, లీ మరణించిన ఐదేండ్లకు, వేరు పేరుతో వేరు నటులతో చిత్రమయ్యెను.

తిరిగివచ్చిన డ్రాగన్

అమెరికాలో కేటో సేవకుడే. హాంకాంగులో మాత్రము ఆ ధారావాహికమును జనులు కేటో పేరుతోనే పిలుచుకొనుచుండిరి. 1970లో స్వస్థలమునకు పోయిన లీ తనకు గల ఆదరణను కన్నులార చూచెను. గోల్డెన్ హార్వెస్ట్ సంస్థాధిపతి రేమండ్ చౌ రెండు చిత్రములకు 15,000 డాలర్ల ఒడంబడిక చేసికొనెను. మొదటిది 'ది బిగ్ బాస్'. థాయిలాండులోని పాక్ చోంగ్ అను చిన్న ఊరిలో తక్కువ ఖర్చుతో చిత్రీకరించిరి. మంచుకర్మాగారమున పనిచేయు వలసకూలీ, కలహములకు పోనని తల్లికిచ్చిన మాటను చాలసేపు నిలుపుకొని, అన్యాయము హద్దుమీరగా తిరుగబడును. 1971 అక్టోబరు చివర విడుదలైన ఆ చిత్రము హాంకాంగు చిత్రముల వసూళ్ళ చరిత్రను తిరగవ్రాసెను. 1972లో వచ్చిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' దానిని కూడ మించెను. ఇరువదవ శతాబ్దారంభపు షాంఘై నగరమున విదేశీయులచే అవమానింపబడిన చీనీయుల అభిమానము ఆ కథకు ప్రాణము. చీనీయులకు, కుక్కలకు ప్రవేశము లేదన్న ఉద్యానవనపు ఫలకమును నాయకుడు కాలితో ముక్కలు చేయు దృశ్యమున ప్రేక్షకులు లేచి నిలిచి హర్షధ్వానములు చేసిరి. పరపాలన రుచి తెలిసిన ఏ జాతికైనను ఆ హర్షమునకు వ్యాఖ్య అక్కరలేదు.

ఇంతలో అమెరికాలో మరియొక తలుపు మూసికొనెను. చీనా వీరుడు పడమటి అమెరికాలో సంచరించు కథ గల 'కుంగ్ ఫూ' అను ధారావాహికమున నాయకపాత్రకు లీ పేరును పరిశీలించి, తుదకు శ్వేతజాతి నటుడగు డేవిడ్ కారడైన్‌కు ఇచ్చిరి. ఆ కోవకే చెందిన ఒక కథను లీ స్వయముగా కూడ వ్రాసియుండెను. ఆ వ్రాత ఆధారముగా 'వారియర్' అను ధారావాహికము అతని కుమార్తె షానన్ పూనికతో 2019లో గాని వెలుగు చూడలేదు.

అప్పటికి లీ ఇతరుల కథలకై వేచియుండుట మానెను. 1972లో 'వే ఆఫ్ ది డ్రాగన్' చిత్రమునకు కథ, దర్శకత్వము, పోరాటముల కూర్పు, నాయకపాత్ర అన్నియు తానే నిర్వహించెను. నిర్మాణమున భాగస్వామియు అయ్యెను. భాష తెలియని పల్లెటూరివాడు రోము నగరమునకు పోయి తనవారి భోజనశాలను దౌర్జన్యపరులనుండి కాపాడును. సియాటిల్ భోజనశాలలో వడ్డించిన వానికి ఆ వాతావరణము పరాయిది కాదు. కథ హాస్యముతో సాగి, కొలోసియం శిథిలములలో చక్ నారిస్‌తో జరుగు ద్వంద్వముతో శిఖరము నందుకొనును. ఆ ద్వంద్వమును శ్రద్ధతో చూచినవారికి లీ వ్రాసిన వ్యాసమే కండ్లకు కట్టును. ఆరంభమున నాయకుడు పట్టిన పద్ధతినే పట్టుకొని దెబ్బలు తినును. పిదప బిగువు సడలించి, లయ మార్చి, ప్రత్యర్థి కదలికనే అనుసరించి గెలుచును. గెలిచిన పిమ్మట మరణించిన వీరుని దేహముపై అతని దుస్తులను కప్పి మౌనముగా నమస్కరించును. కాగితముపై తత్త్వముగా నున్నది తెరపై కథయైనది.

చివరి అధ్యాయము

1973 ఆరంభమున 'ఎంటర్ ది డ్రాగన్' చిత్రీకరణ హాంకాంగున జరిగెను. అమెరికా చిత్రసంస్థ భాగస్వామ్యముతో తీసిన చిత్రమున చీనా నటుడు నాయకుడగుట అపూర్వము. కథాపత్రము లీకి నచ్చలేదు. దానిపై తీవ్రముగా వాదించి, షావోలిన్ ఆశ్రమమున జరుగు ఆరంభఘట్టమును, గురుశిష్య సంవాదమును తానే చేర్చెను. యుద్ధవిద్య కేవలము కొట్లాట కాదని తెలుపుటయే వాని ప్రయోజనము. విడుదలైనపుడు ఆ సంవాదమున కొంత భాగమును కత్తిరించిరి. 1998లో ప్రత్యేక ప్రతియందు దానిని మరల చేర్చిరి. పోరాటములు మిగిలి మాటలు కత్తెర పాలగుట అతని కీర్తి విషయమున కూడ జరిగినదే.

అతిశ్రమ అతని శరీరమును కృశింపజేసెను. 1973 మే 10న చిత్రశాలలో స్పృహ తప్పి పడిపోయెను. మెదడు వాచినదని వైద్యులు గుర్తించి కాపాడిరి. జూలై 20న సాయంకాలము హాంకాంగులో ఒక నటీమణి గృహమున తలనొప్పికి మాత్ర వేసికొని నిద్రించినవాడు మరల లేవలేదు. ఆ మాత్ర శరీరమునకు సరిపడక మెదడు వాచుటచే కలిగిన ప్రమాదమరణమని విచారణలో నిర్ణయించిరి. వదంతులు లెక్కకు మించి పుట్టెను. లోకము వీరుల సామాన్యమరణమును అంగీకరింపదు. నెల తిరుగకమునుపే 'ఎంటర్ ది డ్రాగన్' అమెరికాలో విడుదలై ప్రపంచమంతటను విజయఢంకా మ్రోగించెను. 1969 నాటి కాగితముపై వ్రాసికొన్న కీర్తిని చూచుటకు అతడు లేడు. సియాటిల్‌లోని లేక్ వ్యూ శ్మశానవాటికలో అతనిని ఖననము చేసిరి. 1993లో చిత్రీకరణలో తుపాకి ప్రమాదమున మరణించిన కుమారుడు బ్రాండన్ కూడ అతని ప్రక్కనే విశ్రమించెను.

మిగిలిన వ్రాత

1975లో లిండా అనుమతితో లీ వ్రాతపుస్తకములనుండి ఏర్చి కూర్చిన 'టావో ఆఫ్ జీత్ కున్ డో' వెలువడెను. అది పెక్కు భాషలలోనికి అనువదింపబడి పోరాటవిద్యార్థులకు పాఠ్యగ్రంథమయ్యెను. ఈ గ్రంథమును గూర్చి ఒక సత్యమును దాచరాదు. అందులోని వాక్యములలో చాలభాగము లీ స్వంతము కావు. బాక్సింగు, ఖడ్గవిద్యల గ్రంథములనుండియు, తాత్త్వికుల రచనలనుండియు అతడు ఎత్తి వ్రాసికొన్నవి అని తరువాతి పరిశోధకులు గుర్తించిరి. దీనిని చౌర్యమనుట న్యాయము కాదు; అతడు వానిని తన పేర అచ్చువేయలేదు. అవి ఒక విద్యార్థి తన కొఱకు వ్రాసికొన్న పఠనసంగ్రహములు. మూలములను తెలుపకుండ ముద్రించిన లోపము ప్రకాశకులది. కాని విద్యార్థులకు ఇందు రెండు పాఠములు కలవు. చదివినది వ్రాసికొనవలెను, ఎవరి మాటయో ప్రక్కనే గుర్తు వేసికొనవలెను.

అతని స్వంతవాణి వినగోరువారు కవితలను, లేఖలను, 1971 నాటి వ్యాసమును, స్వయముగా వ్రాసి తీసిన చిత్రమును ఆశ్రయింపవలెను. వానిలో పాండిత్యప్రకర్ష లేదు. తనకు తాను సమాధానము చెప్పికొనుచు, నిన్న వ్రాసినదానిని నేడు దిద్దుకొను మనస్సు కలదు.

2005 నవంబరులో రెండు నగరములు అతనికి కంచువిగ్రహములు నిలిపెను. ఒకటి అతడు పెరిగిన హాంకాంగు. రెండవది బోస్నియాలోని మోస్టార్. అతడు ఎన్నడు అడుగిడని ఊరు. అంతర్యుద్ధమున చీలిపోయిన ఆ నగరమున ఒక వర్గపు వీరుడు మరియొక వర్గమునకు శత్రువుగా తోచెడివాడు. అందరును బాల్యమున ప్రేమించిన మనుష్యుని కొఱకు వెదకగా ఈ చీనా నటుడు దొరికెను. శైలులు మనుష్యులను విడదీయునని పడకపై వ్రాసికొన్న మాటకు ఇంతకన్న గొప్ప వ్యాఖ్యానము మరియొకటి రాలేదు.

కండలు కాలముతో కరగును. వేగము వయస్సుతో తగ్గును. లీకి ఆ రెండును అనుభవించు భాగ్యమైనను లేకపోయెను. కాని కదలలేని నెలలలో అతడు నింపిన కాగితములు నేటికిని విద్యార్థుల చేతులలో కదలుచునే యున్నవి. ఆటస్థలమున గెలిచిన బాలుడు గ్రంథాలయమునకు పోవుటకును, గ్రంథాలయమున కూర్చున్న బాలుడు ఆటస్థలమునకు పోవుటకును ఈ జీవితము త్రోవ చూపుచున్నది. ఆ త్రోవను వారికి చూపవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.